నోయెల్ ప్రాసెసర్

"ఎవరిదని అడుగుతున్నాను," అంది రొసాల్ మూడోసారి.

క్రిస్పిన్ చెవిన పడనట్టే పాండెసాల్ రొట్టెని కాఫీలో ముంచుకుని తింటున్నాడు. బల్ల మీద కాఫీ కప్పు పక్కన బిస్కెట్ల రేకు డబ్బా మూత తీసి ఉంది. అందులో స్పాంజి ముక్క, దాని మీద అగ్గిపెట్టెంత చదరపు బిళ్ళ ఉన్నాయి.

"ప్రాసెసర్," అన్నాడు చివరికి.

"అది నాకూ కనిపిస్తోంది. ఎవరి ప్రాసెసర్?"

"ఎవరిదైతే ఏం? ఎనిమిది కోర్లు. మన కంప్యూటర్ బోర్డులో పెట్టగానే లేస్తుంది. రేపు మాస్టారి భూస్థాపనకి రెండు కెమెరాలూ కలిపి పంపినా తొణకదు, బెణకదు. నువ్వు కొంటానంటున్న కొత్త నాలుగు కోర్ల దానికి అంత ఊపిరి లేదు."

"ఏడేళ్ళ నాటి సరుకది. ఎవరు ఎంత కాల్చుకు తిన్నారో ఎవరికి తెలుసు? మధ్యలో ఆరిపోతే ఏ షాపు మెట్లెక్కి అడగను? కొత్తదానికి మూడేళ్ళ గ్యారంటీ ఉంది."

"గ్యారంటీ కాగితాన్ని కువైట్‌లో ఆర్లీన్‌కి చూపిస్తావా? వాళ్ళ నాన్న పెట్టె గోతిలోకి దిగే వేళకి బొమ్మ ఆగిపోతే?"

"ఉన్నదాని కాళ్ళు విరగ్గొట్టకపోతే ఏ బొమ్మా ఆగేది కాదుగా."

క్రిస్పిన్ నోట్లో రొట్టె అలాగే ఉండిపోయింది. మొన్న ఫ్యాను దుమ్ము దులుపుతానని కూర్చున్నది ఆయనే. మెషీన్‌ని కాసేపు నడిపి, వేడెక్కాక ఫ్యానుని అటూ ఇటూ తిప్పి, మెల్లగా ఎత్తాలని రొసాల్ వంటింట్లోంచి చెబుతూనే ఉంది. చెప్పింది పెళ్ళాం కనుక ఆయన వినలేదు. చల్లగా ఉన్నదాన్ని పట్టుకుని లాగితే, వేడి లాగేందుకు ఫ్యాను కింద రాసిన పేస్టు ఎండి ఉండటంతో, దానికి అంటుకుని ప్రాసెసర్ కూడా ఊడి చేతికొచ్చింది. కింది పిన్నులు సగం వంగాయి, సగం విరిగాయి.

ఈ ఇంటికి ఆ మెషీనే అన్నం పెడుతుంది. శాన్ పాబ్లోలో ఎవరు పోయినా, దూరదేశాల్లో ఇరుక్కుపోయిన పిల్లలకి శవజాగారమూ భూస్థాపనా చూపించేది వీళ్ళే. కెమెరాలు పట్టుకుని తిరిగేది క్రిస్పిన్. ఇంట్లో కూర్చుని రెండు కెమెరాల బొమ్మల్నీ కలిపి పంపేది, నలభయ్యో రోజుకి సినిమాగా కుట్టి ఇచ్చేది రొసాల్. పేరు మాత్రం క్రిస్పిన్‌ది. డెమెట్రియో మాస్టారి కూతురు ఆర్లీన్‌ని కువైట్‌లో యజమానులు వదలడంలేదు. తండ్రిని చివరిసారి చూడాలంటే ఆ పిల్లకి ఈ తెర ఒక్కటే దిక్కు. చూపిస్తానని మాటిచ్చింది కూడా రొసాలే.

"ఊరికే దొరికింది, పెట్టుకో. దీనికి కూడా రాద్ధాంతం చేస్తావేంటి?" అన్నాడు క్రిస్పిన్.

"ఊరికే ఎవరిచ్చారు?"

రొసాల్ డబ్బాని తన వైపు తిప్పుకుంది. మూత మీద నీలం సిరాతో, గీత గీసినట్టు నిలువుగా ఉన్న అక్షరాలు కనిపించాయి. ఇళ్ళకి ప్లానులు గీసేవాళ్ళే అలా రాస్తారు. ఆ చేతిరాత ఆమెకు తెలుసు. పోయిన ఏడాది విల్మా మొగుడు నోయెల్ పోయినప్పుడు, నలభయ్యో రోజు సినిమాలో అతను గీసిన ప్లానులన్నీ ఒకటొకటిగా పెట్టింది తనే.

"నోయెల్‌దా?"

"ఆఁ. విల్మా ఇచ్చింది. లోపల మూల పడేసి ఉందట. పనికొచ్చేవాళ్ళు వాడుకుంటే మంచిదేగా అంది."

వాకిట్లో ఎండు చేపలు తిరగేస్తున్న సోలెడాడ్ చెయ్యి ఆగింది. క్రిస్పిన్ తల్లి ఆవిడ. మోకాళ్ళు పట్టేసిన మనిషే అయినా గుమ్మంలోకి వచ్చిన వేగం చూస్తే ఎవరూ నమ్మరు.

"చచ్చినవాడి సామాను నా ఇంట్లోకి తెచ్చావా?"

"అమ్మా, ఇది బిళ్ళ. శవం కాదు."

"నేరుగా తెచ్చావా, దార్లో ఎక్కడైనా ఆగావా?"

ఆ ఊళ్ళో చావింటికి వెళ్ళినవాళ్ళు ఎవరూ నేరుగా ఇంటికి రారు. పోయినవాళ్ళు వెంటపడి ఇంటిదాకా వస్తారని భయం. అందుకని దారిలో ఎక్కడో ఒకచోట ఆగి, ఏదైనా తాగి, దులుపుకుని వస్తారు. అలా అందరూ ఆగేది చర్చి ఎదురుగా, శ్మశానం మలుపులో ఉన్న విల్మా గంజి కొట్టు దగ్గరే.

"ఆగే చోటు నుంచే తెచ్చానుగా," అన్నాడు క్రిస్పిన్ నవ్వబోతూ.

ఎవరూ నవ్వలేదు.

"తీసుకుపోయి ఇచ్చెయ్. ఇప్పుడే," అంది సోలెడాడ్.

అత్తగారు తన పక్షాన మాట్లాడటం పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి కాబోలు. రొసాల్ లోపల్లోపల పొంగిపోయింది. పాపం, ఆ పొంగు ఎంతసేపో ఆమెకు అప్పుడు తెలియదు.

"విన్నావుగా? నేను కొత్తది కొనుక్కొస్తాను. ఎవరి దయా నాకక్కర్లేదు."

"దయ అంటావేంటి? పాపం, ఆవిడ..."

"ఆవిడ పాపం సంగతి నాకెందుకు, క్రిస్పిన్?"

ఆయన కప్పు ఠప్పున పెట్టాడు. డబ్బా మూసి చంకలో పెట్టుకుని, మాస్టారింట్లో వైర్లు లాగే పని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు.

పట్నంలో జీప్నీ బండి దిగి షాపులో కొత్త పెట్టె చేతికి తీసుకున్నప్పుడు రొసాల్‌కి హాయిగా అనిపించింది. సీలు విప్పని పెట్టె. ఎవరి వేలిముద్రా, ఎవరి పేరూ లేనిది. ఇంటికి వచ్చి కూర్చుని, ఊపిరి బిగబట్టి, ప్రాసెసర్ మూల మీది గుర్తునీ బోర్డు మీది గుర్తునీ కలిపి అమర్చింది. పేస్టు రాసింది. ఫ్యాను బిగించింది.

స్విచ్చి వేసింది. ఫ్యాను తిరిగింది, లైట్లు వెలిగాయి. తెర మాత్రం నల్లగానే ఉంది.

విప్పి మళ్ళీ బిగించింది. తీగలు మార్చింది. తెర మాట వినలేదు. షాపుకి ఫోన్ చేస్తే కుర్చీలోంచి కూడా లేవని గొంతు పలికింది.

"మీ బోర్డు పాతదా అమ్మా?"

"పాతదే. ఇది సరిపోతుందని మీరే చెప్పారు కదా."

"సరిపోతుంది. కానీ బోర్డు తయారైన నాటికి ఈ ప్రాసెసర్ పుట్టలేదు. అందుకని గుర్తుపట్టదు. బోర్డులో ఉన్న ప్రోగ్రాం మార్చాలి, అరగంట పని."

"మారుస్తాను. ఎలా?"

"మార్చాలంటే బోర్డు లేవాలి కదమ్మా. లేవాలంటే అది గుర్తుపట్టే పాత ప్రాసెసర్ పెట్టాలి. ఒక్కసారి లేపి, మార్చేసి, తీసెయ్యండి. ఆ తర్వాత కొత్తది ఎంచక్కా నడుస్తుంది."

"మీ దగ్గర పాతది లేదా?"

"ఉండేది. నిన్ననే అమ్మేశాం. సోమవారం రండి. మీ ఊళ్ళో ఎవరి దగ్గరా ఉండదా ఏంటి, ఒక్క అరగంటకి?"

రొసాల్ ఫోన్ పెట్టేసింది. ఊళ్ళో ఉంది. పొద్దున తన బల్ల మీదే ఉంది. తనే గెంటేసింది.

నవ్వొచ్చింది ఆమెకి. ఏడవడానికి తీరిక లేని మనుషులకి అలాంటి నవ్వే వస్తుంది. తెల్లారితే మాస్టారి భూస్థాపన. పొద్దుట్నుంచి ఆర్లీన్ దగ్గర్నుంచి రెండు మెసేజీలు వచ్చాయి. దేనికీ జవాబివ్వలేదు.

ఆమె చెప్పులు వేసుకుంటుంటే సోలెడాడ్ అడిగింది.

"ఎక్కడికి?"

"విల్మక్క దగ్గరికి. ఆ పాతది అరగంట కావాలి అత్తయ్యా. పెట్టి తీసేస్తాను. దార్లో ఎక్కడైనా ఆగి, దులుపుకునే తెస్తాలెండి, భయపడకండి."

"వెళ్ళకు."

"ఇంకో దారి లేదు అత్తయ్యా."

"వాడు వచ్చాక వాణ్ణే పంపు. నువ్వు వెళ్ళకు."

"ఎందుకు?"

సోలెడాడ్ చేపల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, ఒక్కొక్కటీ మళ్ళీ తిరగేసింది. అవి ఎప్పుడో ఎండిపోయాయి.

"ఎందుకత్తయ్యా?"

"నువ్వు చూడనంతసేపు అది లేనట్టే. చూశాక నీకూ మాకూ ఎవరికీ నిద్ర ఉండదు."

రొసాల్ ఒక కాలికి చెప్పుతో అలాగే నిలబడిపోయింది.

"ఏది లేనట్టు?"

"జాగారం ఉన్న రోజున అందరితో పాటు వాడూ ఆగుతాడు. బాగానే ఉంది," అంది ముసలావిడ పళ్ళెం వైపే చూస్తూ. "జాగారం లేని రోజున కూడా ఆగుతాడు."

"ఎప్పటినుంచి?"

"ఆ నోయెల్ నలభయ్యో రోజు అయినప్పటినుంచి అనుకుంటా. నాకేం తెలుసు? నాకెవరు చెప్పారు?"

"తెలియకుండానే చెబుతున్నారా?"

సోలెడాడ్ ఇంకో చేప తిరగేసింది.

"అయితే పొద్దున మీరు దయ్యం భయంతో అరవలేదన్న మాట," అంది రొసాల్. మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నట్టు వచ్చాయి. "నా పక్షాన మాట్లాడుతున్నారని మురిసిపోయాను, చూడండి."

"ఆ డబ్బా ఇంట్లో ఉంటే నువ్వు రోజూ చూస్తావు. చూస్తే అడుగుతావు. నా కొడుక్కి అబద్ధం ఆడటం వచ్చుగానీ నిలబెట్టుకోవడం రాదు. సంసారం నిలబడాలనే కదే నా తాపత్రయం."

"ఎవరి సంసారం అత్తయ్యా?"

రొసాల్ రెండో చెప్పు వేసుకుంది.

విల్మా కొట్టులో ఆ వేళప్పుడు జనం లేరు. అల్లం, వేయించిన వెల్లుల్లి వాసన వీధిలోకే వస్తోంది. విల్మా గంజి గంగాళం కలుపుతోంది. సన్నటి మనిషి. భర్త పోయాక ఇంకా సన్నబడింది. రొసాల్‌ని చూసి గరిటె ఆపింది.

"కూర్చో. గంజి పొయ్యనా?"

"వద్దు. ప్రాసెసర్ కావాలి. అరగంటకి," అంది రొసాల్. ఎప్పుడూ నోటినిండా పిలిచే 'అక్కా' ఇవాళ రాలేదు. విల్మా అది గమనించింది.

"వద్దన్నారట కదా. పొద్దున్నే తెచ్చి ఇచ్చేశాడు."

"ఇప్పుడు కావాలి."

ఎందుకని విల్మా అడగలేదు. చేతులు తుడుచుకుని వెనక గదిలోకి వెళ్ళింది. తలుపు తెర సగం తొలిగే ఉంది. చూడకూడదనే అనుకుంది రొసాల్. కళ్ళు వినలేదు.

కిటికీ పక్కన చిన్న బల్ల, ఒకే కుర్చీ ఉన్నాయి. గోడకి ఆనించి కెమెరా స్టాండు నిలబడి ఉంది. దాని ఒక కాలికి ఆకుపచ్చ టేపు చుట్టి ఉంది.

ఆ టేపు చుట్టింది తనే. వానాకాలంలో కాలు విరిగితే, కొత్తది ఎందుకు దండగ అని, కూర్చుని ఓపికగా చుట్టింది. రెండు నెలల కిందట జీప్నీలో మర్చిపోయానని చెప్పాడు క్రిస్పిన్. పోతే పోయిందిలే, నువ్వు క్షేమంగా వచ్చావు, చాలు అని తనే ఓదార్చింది. అది గుర్తొచ్చి రొసాల్‌కి సిగ్గేసింది. మొగుడు చేసిన పనికి కాదు, తను ఓదార్చినందుకు.

విల్మా డబ్బాతో వచ్చి, ఆమె చూపు ఎక్కడుందో చూసి, తెర లాగలేదు. దాచడానికి ఇక ఏమీ లేదని ఆవిడకీ తెలిసిపోయింది.

"నేను రమ్మని పిలవలేదు రొసాల్. ఒట్టు."

"రావద్దని అన్నావా?"

విల్మా డబ్బా మూత మీది అక్షరాల్ని బొటనవేలితో తుడిచింది.

"అనలేదు. నోయెల్ పోయాక ఈ ఇంట్లో మగగొంతు వినపడలేదు. వచ్చి కూర్చుంటాడు. నోయెల్ మెషీన్ విప్పి బాగుచేస్తాడు. మాట్లాడతాడు. అనలేకపోయాను."

"మా ఇంట్లో వినపడటం మానేసింది అందుకేనన్న మాట."

"నన్ను తిట్టు. పడతాను."

"తిట్టడానికి రాలేదు. నాకు పని ఉంది." రొసాల్ చెయ్యి చాపింది. "అరగంటలో తెచ్చిస్తాను."

విల్మా డబ్బా ఆమె చేతిలో పెట్టింది. పెట్టి, మెత్తగా, ఏ పొగరూ లేకుండా అంది:

"మళ్ళీ నువ్వు శ్రమపడి రావడం ఎందుకు? ఆయన చేతికియ్యి. ఎలాగూ వస్తాడు."

చెంప ఛెళ్ళుమనిపించినా ఇంత నొప్పి ఉండేది కాదు. పొగరుగా అని ఉంటే రొసాల్ బదులు చెప్పగలిగేది. మామూలుగా చెప్పిన మాటకి బదులేం చెప్పాలి?

వీధిలోకి వచ్చాక ఆమెకు గుర్తొచ్చింది. పోయినవాడి వస్తువు చేతిలో ఉంది. నేరుగా ఇంటికి పోకూడదు. ఎక్కడైనా ఆగాలి, ఏదైనా తాగి దులుపుకోవాలి. అయితే ఈ ఊళ్ళో ఆగే చోటు ఒక్కటే. అందులోంచే తను బయటికి వచ్చింది.

ఎక్కడా ఆగలేదు. తల వంచుకుని, నేరుగా ఇంటికే నడిచింది. వెంట వచ్చే పోయినవాళ్ళతో ఆమెకు పేచీ ఏమీ లేదు. ఆమె కాపరం చెడింది బతికున్నవాళ్ళ వల్లే.

గేటు దగ్గర సోలెడాడ్ కాచుకుని ఉంది.

"ఎక్కడైనా ఆగావా?"

"లేదు."

ముసలావిడ కోడలి మొహం చూసి, పక్కకు జరిగి దారిచ్చింది.

నోయెల్ ప్రాసెసర్ పెట్టగానే బోర్డు లేచింది. ఎన్నో ఏళ్ళ స్నేహితుణ్ణి చూసినట్టు, ఒక్క క్షణం కూడా తటపటాయించకుండా తెర వెలిగింది. రొసాల్‌కి ఆ బోర్డు మీద కూడా కోపం వచ్చింది. పెన్‌డ్రైవ్ పెట్టి ప్రోగ్రాం మార్చడం మొదలుపెట్టింది. పూర్తయ్యేదాకా మెషీన్ ఆపవద్దని, ఆపితే బోర్డు మళ్ళీ లేవదని తెర మీద ఎర్రగా రాసి వచ్చింది. దాని కింద తెల్లటి గీత నత్తలా పాకుతోంది.

గీత సగం దాటాక క్రిస్పిన్ వచ్చాడు. ముందు తెర చూశాడు, తర్వాత బల్ల మీది డబ్బా చూశాడు.

"పెట్టావా? నే చెప్పలా, లేస్తుందని." మొహం విప్పారింది. అంతలోనే అనుమానం వచ్చింది. "అయినా నీకెలా వచ్చింది ఇది?"

"వెళ్ళి తెచ్చుకున్నాను."

క్రిస్పిన్ చేతిలోని వైర్ల చుట్ట కింద పెట్టాడు.

"నీ స్టాండు దొరికింది," అంది రొసాల్ తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "జీప్నీవాడు మంచివాడే. కిటికీ పక్కన జాగ్రత్తగా పెట్టాడు."

వంటింట్లో సోలెడాడ్ గిన్నె కూడా కదపడంలేదు.

"నువ్వనుకునేదేం కాదు," అన్నాడు క్రిస్పిన్.

"నేనేమనుకుంటున్నానో నువ్వే చెప్పు."

"అక్కడికి వెళ్తే నన్నెవరూ తప్పు పట్టరు. అంతే. ఇక్కడ కప్పు పెట్టినా తప్పే, తీసినా తప్పే. ప్రాసెసర్ విరిచినవాణ్ణి, స్టాండు పోగొట్టినవాణ్ణి. పొద్దున ఒక్క మంచి వస్తువు తెస్తే, అది కూడా తిప్పి పంపారు."

"ఆ మంచి వస్తువు ఎక్కడిదో ముందే చెప్పి ఉంటే?"

"పెట్టుకునేదానివా?"

రొసాల్ ఆలోచించింది. నిజం చెప్పాలనిపించింది.

"లేదు."

"మరింకేం."

గీత చివరికి చేరింది. మెషీన్ తనంతట తనే ఆగి, మళ్ళీ లేచింది. ఇప్పుడు బోర్డుకి పాతదీ తెలుసు, కొత్తదీ తెలుసు. ఏది పెట్టినా నడుస్తుంది. రొసాల్ స్విచ్చి ఆపింది. వేడి తగ్గకముందే ఫ్యానుని అటూ ఇటూ మెల్లగా తిప్పి, ఎత్తింది. ఒక్క పిన్ను కూడా వంగలేదు. క్రిస్పిన్ అది చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"అదే ఉంచు," అన్నాడు. "రేపటి పనికి అదే నయం. పంతానికి పోయి ఆ పిల్లని ఏడిపించకు."

"ఆ పిల్లని నేను చూసుకుంటాను."

ఆమె పేస్టు తుడిచి, నోయెల్ ప్రాసెసర్‌ని స్పాంజి మీద పెట్టి, డబ్బా మూసి ఆయన చేతికిచ్చింది.

"అరగంటలో ఇస్తానన్నాను. ఇచ్చి రా. నేరుగా వెళ్ళు, నేరుగా ఇంటికి రా. ఇక ఎక్కడా ఆగకు."

ఆయన డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాడు. వెనక్కి వచ్చి, మేకుకి తగిలించి ఉన్న కెమెరాల సంచీ తీసి భుజాన వేసుకున్నాడు. రెండు కెమెరాలూ అందులోనే ఉన్నాయి. అది తీసేటప్పుడు రొసాల్ చూస్తూనే ఉంది. ఆమె చూస్తోందని ఆయనకీ తెలుసు.

గేటు మూసుకుంది.

రొసాల్ కొత్త ప్రాసెసర్ అమర్చి స్విచ్చి వేసింది. తెర వెలిగింది. ఈసారి ఎవరి సాయమూ లేకుండా వెలిగింది. రేపటి కోసం మాస్టారి పేరూ, ఫొటో పెట్టి సిద్ధం చేసింది. కింద రెండు కెమెరాల బొమ్మలు రావలసిన రెండు గళ్ళూ నల్లగా ఉన్నాయి.

"కెమెరాలు కూడా తీసుకుపోయాడే," అంది సోలెడాడ్ గుమ్మంలోంచి.

"చూశాను అత్తయ్యా."

"మరి ఆపలేదేం?"

ఫోన్ మోగింది. ఆర్లీన్ నుంచి మూడో మెసేజీ. 'అక్కా, రేపు మా నాన్న కనిపిస్తాడు కదా?'

'కనిపిస్తాడు' అని రాసి పంపింది. పంపాక లేచి, కెమెరాల కోసం మళ్ళీ చెప్పులు వేసుకుంది.